మీకు తెలుసా? ఫ్రేమ్ వేరు, ఫొటో వేరు!

కోటప్పకొండ తిరునాళ్ల పోస్టరైనా, మాచర్ల చెన్నకేశవస్వామి ఉత్సవాల కరపత్రమైనా పేజీలో ఫొటో కూర్చునేది ఒక ఫ్రేమ్‌లోనే. నరసరావుపేట, గురజాలల్లో డీటీపీ నేర్చుకుంటున్నవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతులివి.

● పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 1985లో వచ్చింది. అదే పని చేసే ఇన్‌డిజైన్ 1999లో విడుదలైంది.

● ఇన్‌డిజైన్‌లో ఫ్రేమ్‌ను చిన్నది చేస్తే ఫొటో తెగిపోదు. కనబడని భాగం దాగి ఉంటుంది, అంతే. ఫ్రేమ్‌ను మళ్లీ పెంచితే తిరిగి కనిపిస్తుంది.

● తిరునాళ్లలో కట్టే నిలువెత్తు ప్రభ ఫొటోను అడ్డంగా ఉన్న ఫ్రేమ్‌లో పెట్టి సాగదీయకండి, ఆకారం చెడుతుంది. ‘ఫిట్టింగ్’ మెనూలో ‘ఫిల్ ఫ్రేమ్ ప్రపోర్షనల్లీ’ ఎంచుకుని, ప్రభ శిఖరం తెగకుండా ఫొటోను లోపలే జరపండి. అప్పటికీ ఇమడకపోతే ఫ్రేమ్‌నే నిలువుగా మార్చండి.

● 3,000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోను 10 అంగుళాల్లో వేస్తే అంగుళానికి 300 పిక్సెళ్లు వస్తాయి. ఆఫ్‌సెట్ ముద్రణకు అది చక్కగా సరిపోతుంది. అదే ఫొటోను 20 అంగుళాలకు పెంచితే 150కి పడిపోతుంది.

● వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

● పేజీలో కనిపించేది సాధారణంగా ఫొటో నమూనానే. అసలు ఫైల్ లింకుగా బయట ఉంటుంది. ప్రెస్సుకు ఇచ్చేముందు ‘ప్యాకేజ్’ చేస్తే ఫొటోలన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేరతాయి.