సంస్కృతీ ప్రచారము – ఎగుమతి వర్తకము

పరదేశమున సరకు అమ్ముడుపోవుటకు ధరయు నాణ్యమును చాలునని మనము తలంతుము. కాని కొనువాడు సరకును చూచుటకు ముందే, దానిని చేసిన జాతిని గూర్చి యొక అభిప్రాయము అతని మనస్సున ఏర్పడియుండును. ఈ సంగతిని బ్రిటను దేశము ఎట్లు గ్రహించెనో చూతము.

1929లో బ్రిటిషు ప్రభుత్వము డాబర్నన్ ప్రభువు నాయకత్వమున ఒక వాణిజ్య బృందమును దక్షిణ అమెరికాకు పంపెను. అర్జెంటీనా రైలుమార్గములలో పెక్కింటికి మూలధనము బ్రిటనుదే. అచటి మాంసమును విశేషముగా కొనునదియు బ్రిటనే. అయినను ఆ విపణిలో అమెరికా మోటారుకార్లు పైచేయి సాధించుచుండెను. తమ భాషను, సంస్కృతిని అచట వ్యాపింపజేయవలెననియు, ఆ పనికిని వర్తకమునకును సంబంధము లేదనుట పొరపాటనియు ఆ బృందము నివేదించెను.

1934లో బ్రిటిషు కౌన్సిలు ఏర్పడెను. 1931లో బ్యూనస్ ఐరిస్ నగరమున బ్రిటిషు వాణిజ్య ప్రదర్శనమును తెరచిన వేల్సు యువరాజే, 1935లో ఈ సంస్థకును ప్రారంభోత్సవము గావించెను. 1938లో బి.బి.సి. దక్షిణ అమెరికా శ్రోతలకై స్పానిషు, పోర్చుగీసు భాషలలో ప్రసారములు మొదలుపెట్టెను.

ఇందలి కీలకమేమి? ఒక యువకుడు పరదేశమున ఇంజనీరింగు చదివెననుకొందము. అచటి యంత్రములపై అతని చేయి తిరుగును. అచటి కొలతలు, సాంకేతిక పదములు అలవడును. స్వదేశమునకు మరలి, పదేండ్లకు ఒక కర్మాగారమునకు యంత్రములు ఎన్నవలసివచ్చినపుడు, ఆ భాషలోని ధరల పట్టికనే అతడు ముందుగా తెరచును. యంత్రము వచ్చిన పిమ్మట విడిభాగములును అచటినుండియే రావలెను. ఇందు బలవంతము లేదు, ఉన్నది పరిచయమే.

అయితే దీనికొక హద్దు గలదు. పాఠము చెప్పువాడు బేరమునకు దిగెనా, శిష్యునికి పాఠముపైనను నమ్మకము పోవును. మరియు, ఎంతటి పరిచయమైనను సరకులోని లోపమును కప్పలేదు. 1950లో ప్రపంచపు పారిశ్రామిక ఎగుమతులలో సుమారు నాలుగవ వంతు బ్రిటనుది. 1970 నాటికి అది పదవ వంతునకు దిగెను. కౌన్సిలు పాఠశాలలు, గ్రంథాలయములు ఆ పతనమును ఆపజాలకపోయెను.

మన దేశమున 1950లో భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలి వెలసెను. దాని విద్యార్థి వేతనములతో పరదేశీయులు పలువురు మన విశ్వవిద్యాలయములకు వచ్చుచున్నారు. ఉస్మానియాలో చదువుకొను ఆఫ్రికా విద్యార్థి ఇల్లు అద్దెకడిగినపుడు మనము చెప్పు మాట, అంగడిలో అతనికి చెప్పు ధర, ఇవన్నియు అతనితోపాటు సముద్రము దాటును. రేపు అతడొక అధికారియై మందులో, పంపుసెట్లో కొనవలసివచ్చిన దినమున ఆ జ్ఞాపకమే ముందు నిలుచును. కావున ఈ ప్రచారము రాయబార కార్యాలయముల పని మాత్రమే కాదు. మన వీధి వాకిట నిత్యము జరుగుచున్నది.