విఱిగిన మణికట్టు, విడిచిన ఫిడేలు

మూడు సంవత్సరముల క్రిందట కార్తికమాసమున, ఒక వానపొద్దున కోర్టునకు బయలుదేఱుచు మా యింటి మెట్లమీద జాఱిపడితిని. ముందుగా నేల నానినది యెడమ యరచేయి. మణికట్టు విఱిగినది. లోహపు పలకయు మఱలును వేసి యెముకను నిలిపిన వైద్యుడు శస్త్రచికిత్సకు ముందు నన్నడిగిన ప్రశ్న యొక్కటే: “తమరు వ్రాయునది యే చేతితో?” కుడిచేతితో నంటిని. “అట్లయిన తమ వృత్తికి లోటు లేదు” అని యాయన ధైర్యము చెప్పెను. నాకును ఆ మాట సమంజసముగనే తోచెను. వకీలునకు నోరును కుడిచేయియు నున్న జాలును గదా!

ఎడమచేతితో నాకు వేఱొక పని యుండెనను సంగతి అప్పటికి నాకే జ్ఞప్తి లేదు. ఎనిమిదవ యేటినుండి పదునెనిమిదవ యేటివఱకు నేను ఫిడేలు నేర్చుకొంటిని. లా కళాశాలలో చేరిన పిమ్మట పరీక్షలు, అటుపిమ్మట సీనియరుగారి యింట రాత్రి పదిగంటలవఱకు దస్త్రముల కట్టలు, ఆపైని సంసారము. వాయిద్యము పెట్టెలోనికి పోయెను. పెట్టె బీరువామీదికి పోయెను. ఇరువదియైదు సంవత్సరములకు పైగా అది యక్కడనే యున్నది. చెన్నపురిలో మార్గశిరమాసపు కచేరీల కాలము వచ్చినప్పుడెల్ల ముందువరుసలో కూర్చుండి, ఫిడేలు విద్వాంసుని వ్రేళ్లవంక చూచుచు, తీఱిక దొరకగనే నేనును మరల పట్టుకొందునని నాలో ననుకొనుచు వచ్చితిని. మాలో ననేకు లట్టివారే. చేయి బాగున్నంతకాలము ఎవడును తాను విద్యను విడిచితినని యొప్పుకొనడు. వాయిదా వేసితి ననుకొనును.

ఆఱు వారములకు కట్టు విప్పిరి. అరచేయిని పైకి త్రిప్పబోయి త్రిప్పలేకపోయితిని. అంగడివాడిచ్చు చిల్లరను ఆ చేత పట్టుకొనుటయే గగనమైనది. ఫిజియోథెరపీ చేయించుటకు వచ్చిన అమ్మాయి తడిగుడ్డ పిండించెను. చిన్నసుత్తిని నిలువుగా పట్టించి అటునిటు వాలింపజేసెను. ఆమె యొకనాడు, “ఈ చేతితో మీకు ముఖ్యముగా ఏమి చేయవలెనని యున్నది?” అని యడిగెను. ఆలోచింపకయే “ఫిడేలు” అంటిని. ప్రక్కనున్న నా భార్య నావంక వింతగా చూచినది. వివాహమైన నాటినుండి ఆమె నా వాద్యమును వినియుండలేదు.

ఇచ్చట ఫిడేలు పట్టు విధమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. పాశ్చాత్యులు దానిని గడ్డమునకును భుజమునకును నడుమ నిలుపుకొని నిలుచుండియో కుర్చీలో కూర్చుండియో వాయింతురు. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడగు బాలుస్వామి దీక్షితులు మన సంగీతమునకు దీనిని మలచినవారిలో ప్రథముడని చెప్పుదురు. మనవారు నేలపై కూర్చుండి, ఫిడేలు తలను కుడికాలి చీలమండపై నానించి, రెండవ కొనను రొమ్మునకు చేర్చిరి. దీనివలన వాద్యభారము ఎడమచేతిపై పడదు. చేయి తంత్రివెంబడి పైకిని క్రిందికిని జాఱుటకు స్వేచ్ఛ కలుగును. జాఱుడు లేనిదే మన గమకము లేదు. వాద్యమును మోయనక్కఱలేకపోవుట విఱిగిన చేతికి గొప్ప వరమే. కాని వ్రేళ్లు తంత్రిపై పడవలెనన్న ముంజేయి మెలి తిరుగవలెను. నాకు పోయినది సరిగా ఆ మెలికయే. ఫిడేలును కొంచెము లోనికి వాల్చి, మోకాలిని సవరించుకొని, గురువు చూచిన చీవాట్లు పెట్టదగిన యొక వంకర భంగిమలో తుదకు మూడువ్రేళ్లను తంత్రిపై నానింపగల్గితిని. చిటికెనవ్రేలు చేరుటకు మఱి నాలుగు మాసములు పట్టెను.

మాయామాళవగౌళలో సరళీస్వరములతో మొదలుపెట్టితిని. మా ప్రక్కయింటి యెనిమిదేండ్ల పాపయు ఆ దినములలోనే వానిని పాడుచుండెను. మూడవ కాలము ఆ పాపకు ముందుగా వచ్చినది. పెద్దవయసున మరల మొదలిడువానికి గల కష్టము బాలురకు లేదు. బాలునకు చెవియు చేయియు కలిసి యెదుగును. నావంటివానికి చెవి ముప్పది సంవత్సరములు కచేరీలు విని ఆఱితేఱియుండును. చేయి మాత్రము ఓనమాల దగ్గఱ నుండును. తన అపస్వరమును తానే అందఱికంటె ముందు విని సిగ్గుపడవలసివచ్చును. తోడిలో గాంధారము ఊగవలెను. నా చేతిలో అది వణకుచుండెను. ఊగుటకును వణకుటకును గల భేద మెంతటిదో అది చేతగానివానికే బాగుగ తెలియును.

ఆ దినములలో చేతులు చెడిన వాద్యకారుల చరిత్రలను వెదకి వెదకి చదివితిని. పాల్ విట్‌గెన్‌స్టైన్ అను వియన్నా పియానో విద్వాంసుడు 1914లో యుద్ధమున కుడిచేయి పోగొట్టుకొని, ఎడమచేతితోనే వాయింప నిశ్చయించి, పేరుగన్న స్వరకర్తలచేత ఒంటిచేతి రచనలు చేయించెను. ఫ్రెంచి స్వరకర్త రావెల్ అతనికై కూర్చిన కృతిని 1932లో వియన్నాలో ప్రథమముగా వాయించిరి. అయితే అతడు యువకుడు, ధనవంతుడు. నా మనస్సును పట్టినది అమెరికా దేశీయుడగు లియాన్ ఫ్లైషర్ కథ. 1928లో జన్మించిన ఈయన 1952లో బ్రస్సెల్సునందలి ఎలిజబెత్ రాణి పోటీలో ప్రథమస్థానము పొంది, కీర్తి శిఖరమున నున్న కాలమున, ముప్పదియేడవ యేడు నిండకమునుపే, కుడిచేతి చివరి రెండు వ్రేళ్లు వానియంతట నవి ముడుచుకొనసాగెను. ఎముక విఱుగలేదు, గాయము కనబడదు. అది నాడీసంబంధమైన డిస్టోనియా యని తేలుటకే బహుకాలము పట్టినది. దాదాపు ముప్పది సంవత్సరములు ఆయన శిష్యులకు నేర్పుచు, వాద్యబృందములను నడుపుచు, ఎడమచేతి రచనలను వాయించుచు గడపెను. వానిలో విట్‌గెన్‌స్టైన్ కొఱకు పుట్టిన ఆ రావెల్ కృతియు నొకటి! 1990 దశకమున బొటాక్సు సూదిమందువలన వ్రేళ్లు కొంత సడలి రెండుచేతులతో వేదిక యెక్కెను. 2004లో ‘రెండు చేతులు’ అను నర్థముగల పేరుతో రికార్డు వెలువరించెను. వ్యాధి మాత్రము పోలేదు. మందుతో లొంగియుండెను, అంతియే. 2020లో తొంబదిరెండవ యేట మరణించువఱకును ఆయన బాగుపడినవాడు కాడు, వాయించినవాడు.

మన హైదరాబాదు నగరమున 1968లో కన్నుమూసిన బడే గులాం అలీఖాన్ గారిని గూర్చియు పెద్దలు చెప్పుదురు. పక్షవాతముచేత దేహమున నొక భాగము స్వాధీనము తప్పిన పిమ్మటగూడ, కుమారుడు మునవ్వర్ అలీఖాన్ తోడు గొంతు కలుపగా ఆయన సభలలో పాడెనట. ఒకప్పుడు ఒంటిగా మూడు స్థాయిలను చుట్టివచ్చిన గాయకుడు కుమారుని యూతగొనుటకు సిగ్గుపడలేదు.

ఇక నా వృత్తికి సంబంధించిన మాట. మా న్యాయశాస్త్రము అవయవములకు వెలగట్టుటలో బహునేర్పు గలది. 1923 నాటి కార్మిక నష్టపరిహార శాసనమునకు తగిలించిన పట్టికలో బొటనవ్రేలు పోయిన నూటికి 30 వంతులు, చూపుడువ్రేలు పూర్తిగా పోయిన 14, నడిమివ్రేలు 12, ఉంగరపు వ్రేలో చిటికెనవ్రేలో పోయిన 7 వంతులు సంపాదనశక్తి నష్టమని లెక్కగట్టిరి. మోటారు ప్రమాదములలో 2010 నాటి రాజ్‌కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు ఇంకను సూక్ష్మముగా విచారించిరి: ఎడమచేయి తెగిన డ్రైవరునకో వడ్రంగికో జీవనోపాధి సర్వస్వము పోవచ్చును, అదే చేయి తెగిన గుమాస్తా తన యుద్యోగమున నుండవచ్చును. కనుక అవయవమును గాక వృత్తిని చూడవలెననిరి. ఇది న్యాయమే. జీవితసుఖములు పోయినందుకు వేఱొక పద్దును గలదు. కాని ఆ పద్దుక్రింద, మావంటి వకీళ్లు, అలవాటుగా నొక మొత్తము వ్రాసి ఊరకుందుము. అడుగవలసినవి అడుగము.

నేను అడుగనిది యొకటి కలదు. పదునాలుగు సంవత్సరముల క్రిందట చాకలిపేట ప్రాంతమున కాపురమున్న తెలుగు కార్మికుడొకడు, యంత్రమున పడి కుడిచేతి చిటికెనవ్రేలు పోగొట్టుకొని నాయొద్దకు వచ్చెను. నాడు అమలులోనుండిన ఆ పట్టిక ప్రకారము 7 వంతులని దరఖాస్తు వ్రాసితిని. సంతకము పెట్టుచు అతడు, “లాయరుగారూ, నేను భజనలో మృదంగం వాయిస్తాను. చాపు ఈ వేలితోనే పడాలి. అది కూడా రాయండి” అనెను. మృదంగపు కుడిమూతపై చిటికెనవ్రేలి వైపునుండి తీయు ఆ నాదము తెలిసినవాడనే. ఐనను, దానివలన నీకు రాబడి యున్నదా, రశీదు లేమైన నున్నవా యని యడిగి, లేవనగా ఆ వాక్యమును వదలివేసితిని. శాసనమును బట్టి నేను చేసినది తప్పుగాదు. ఎడమచేతితో చిల్లర పట్టలేకపోయిన దినమున ఆ మనుష్యుడు నాకు జ్ఞప్తికి వచ్చెను.

దస్త్రములోని చిరునామాకు పోయితిని. ఇల్లు మాఱినదిగాని ఆ వీధి భజనమందిరము మాఱలేదు. శనివారము రాత్రి అతడు మృదంగము ముందు కూర్చుండియుండెను. తల నెఱిసినది. నన్ను గుర్తుపట్టి లేచి నిలువబోయెను, వారించితిని. చాపును ఉంగరపువ్రేలితో తీయుచున్నాడు. నాదము మునుపటివలె ఉండదనియు, కొంచెము మొద్దుగా వచ్చుననియు, అది కుదురుటకు నాలుగేండ్లు పట్టినదనియు చెప్పెను. ఆ దరఖాస్తు మాట నేనే యెత్తితిని. అతనికి జ్ఞాపకము లేదో, ఉండియు లేదనెనో, నాకు తెలియదు. నా మణికట్టును చేతిలోనికి తీసికొని, సంతలో ఎద్దును చూచినట్లు అటునిటు వంచి చూచి, “వేళ్లు ఆడుతున్నాయిగా! వచ్చే వారం ఫిడేలు పట్టుకు రండి. నేను కాలం తగ్గించి పడతాను” అనెను.

పట్టుకొనిపోయితిని. మొదటి మూడు పాటలకు మాట ప్రకారము కాలము తగ్గించెను. నాలుగవ పాటలో జనము ఊపందుకొనగా అతడు నన్ను మఱచిపోయెను. నేను వెనుకబడి, కమాను ఎత్తి ఒడిలో పెట్టుకొని, తాళము వేయుచు కూర్చుంటిని. ఎవరును గమనింపలేదు, ఫిడేలు లేని భజన వారికి క్రొత్తగాదు.

అది మొదలు కోర్టు సెలవులలో తప్ప ప్రతి శనివారమును పోవుచున్నాను. ఇంటివద్ద ఉదయము నలువది నిమిషములు సాధన. భైరవిలో పచ్చిమిరియము ఆదియప్పయ్యగారి ‘విరిబోణి’ వర్ణము మొదటి కాలమున వచ్చినది. రెండవ కాలము రాలేదు. ఈ వయసున, ఈ మణికట్టుతో, అది వచ్చునని వైద్యుడుగాని నేనుగాని అనుకొనుట లేదు. వచ్చు శనివారమునకు అతడొక పాట నిర్ణయించినాడు. దానిలో రెండు తావుల చిటికెనవ్రేలు అందదు. ఆ రెండుచోట్ల నేను ఊరకుందునని ముందుగనే చెప్పితిని. ఆ ఖాళీలను తాను మృదంగముతో నింపెదనని అతడనెను.