వికారాబాదు, తాండూరు మొరముబాటలు

నగరవాసులైన యువకులు కొందఱు ఇటీవల సెలవుదినములందు తారురోడ్డును విడిచి, పల్లెల నడుమనుండు మట్టిబాటల వెంట సైకిళ్లపై దూరప్రయాణములు సేయుట కారంభించిరి. దీనిని ఇంగ్లీషున గ్రావెల్ బైకింగ్ అందురు. మన తెలంగాణమున మొరము అను చక్కని మాట యుండగా పరభాషాపదముతో పనిలేదు గావున మేము దీనిని మొరముబాట సవారి యనియే వ్రాసెదము. ఇది ధనికుల పిల్లల వినోదమని పెదవి విఱుచువారు కలరు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. లక్షరూపాయలకు మించిన బండి నెక్కినవాడు కంది చేలగట్టున పోవుచుండగా, మోటారుసైకిలు కొని పాతసైకిలును అటకెక్కించిన రైతు నవ్వుకొనుట సహజమే. కాని యీ వినోదమువెనుక గ్రామములకు సంబంధించిన పెద్ద ప్రశ్న యొకటి దాగియున్నది. మా చదువరులలో భూవసతి గలవారు పెక్కుమంది యుందురు గనుక ఆ ప్రశ్నను వారి యెదుట నుంచుచున్నాము.

ముందుగా ఒక విచిత్రమును గమనింపవలెను. అమెరికా దేశమున 1880వ సంవత్సరమున సైకిలువారు ఒక సంఘముగా నేర్పడి, బురదబాటలు పోవలెను, మంచిరోడ్లు కావలెనని ఊరూర ఆందోళనము సల్పిరి. అప్పటికి మోటారుబండి యింకను పుట్టలేదు. రోడ్లు వచ్చినవి, వానిని మోటార్లు ఆక్రమించుకొన్నవి. అడిగి వేయించుకొన్నవారే తొలగిపోవలసివచ్చెను. అదే దేశమున కాన్సస్ రాష్ట్రపు ఎంపోరియా పట్టణమున 2006లో, మట్టిబాటలపైననే 200 మైళ్ల సైకిలుపందెము మొదలుపెట్టిరి. అంతర్జాతీయ సైకిలు సమాఖ్యవారు 2022లో ఇటలీదేశమున ఈ విద్యకు తొలి ప్రపంచ పోటీలు జరిపిరి. నూటనలువది సంవత్సరములలో చక్రము తిరిగి మొదటి చోటికే వచ్చినది.

మనకు ఈ తొలగిపోవుట వేడుక కాదు, ప్రాణరక్షణము. హైదరాబాదునుండి చేవెళ్ల మీదుగా బిజాపురమునకు పోవు రోడ్డు సంగతి తాండూరువారికి చెప్పనక్కఱలేదు. 2025వ సంవత్సరము నవంబరు 3వ తేదీ ప్రాతఃకాలమున తాండూరునుండి నగరమునకు పోవుచున్న ఆర్టీసీ బస్సును మీర్జాగూడ చెంత కంకరతో నిండిన టిప్పరు ఢీకొనెను. ఆ కంకర ప్రయాణికులపై గ్రుమ్మరింపబడి, 19మంది మరణించిరి. ఆ రోడ్డును వెడల్పు చేయవలెనని ఒకరును, ఇరుప్రక్కల నున్న పురాతన వటవృక్షములను కొట్టరాదని ఒకరును వాదించి, జాతీయ హరిత న్యాయాధికరణమువఱకు పోయిరి. ఆ వివాదమును ఇక్కడ తిరుగదోడము. బస్సునకే దిక్కులేని రోడ్డుపై సైకిలునకు దిక్కెవ్వరని మాత్రము అడుగుచున్నాము.

అందుచేత మొరముబాట. అట్టి బాటలకు వికారాబాదు ప్రాంతము పుట్టినిల్లు. అనంతగిరి మీద ఎఱ్ఱని మొరము నేల. వర్షము నిలువదు, చక్రము దిగబడదు. ఆ గుట్టపై కురిసిన చినుకు తూర్పునకు జారినచో మూసీయై, 1908 వరదల తరువాత కట్టబడిన ఉస్మానుసాగరమును నింపి, భాగ్యనగరమును చొచ్చును. పడమటికి జారినచో కాగ్నాయేఱై తాండూరు ప్రక్కగా సాగి కర్ణాటకమున భీమానదిలో కలియును. రెండును తుదకు కృష్ణమ్మనే చేరును గాని, చేరుదారులు వందలమైళ్ల యెడముగా నున్నవి. ఇట్టి నీటిగట్టును ఒక్క పూటలో సైకిలుపై దాటుట తెలుగునాట ఎన్నిచోట్ల సాధ్యమగును?

రైలుమీద వికారాబాదునందు దిగి, అనంతపద్మనాభస్వామి గుడిని దర్శించి, ధారూరు దెసకు దిగినచో అడవి పలుచబడి చేలు మొదలగును. కోటిపల్లివాగునకు అడ్డముగా కట్టిన జలాశయము కనబడును. సేద్యముకొఱకు కట్టిన ఆ చెఱువు నేడు పడవవిహారమువలన నగరవాసులకు పరిచయమైనది. కాలువగట్లు పల్లెలనడుమ చక్కని బాటలు. అటనుండి పెద్దేముల్ మీదుగా తాండూరు చేరువఱకు నేల రంగు క్రమముగా మాఱును. ఎఱుపు నలుపగును, మొరము రేగడి యగును. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఆ రేగడిలో పుట్టినదే. దాని క్రింద పొరలు పొరలుగా నాపరాయి. ఆ బండలు పరవని ఇల్లు మన జిల్లాలలో అరుదు. బాట కిరుప్రక్కల రాతిముక్కల కుప్పలు, విడిచిపెట్టిన గనిగుంతలలో లోతుతెలియని నీరు. చీకటిపడిన తరువాత అచట సవారి తగదు.

రేగడిని గూర్చి ఒక మాట. నాలుగు చినుకులు పడినంతనే అది చక్రమునకును కవచమునకును నడుమ చేరి గట్టిపడును. బండిని భుజమునకెత్తుకొని నడువవలసినదే. ఎంత వెడల్పు టైరైనను, ఎంత మేలిబ్రేకులైనను ఆ మట్టియెదుట నిలువవు. పశ్చిమదేశముల పుస్తకములను చదివి ఆషాఢ శ్రావణములందు బయలుదేరువారు దీనిని మఱవరాదు. కార్తికమునుండి మాఘమువఱకు కాలము మేలు. అప్పుడు పల్లేరుకాయలును తుమ్మముండ్లును ఉండును గాని వానికి మందు కలదు.

ఇక అసలు ప్రశ్న. ఈ బాటలు ఎవరివి? గ్రామనక్షాలలో గీయబడిన బండ్లబాటలను మనవారు నక్షాబాటలందురు. ఎరువుబండి పొలమునకు చేరుటకు, కోసిన పంట ఇల్లు చేరుటకు, శవము శ్మశానమునకు పోవుటకు అవియే త్రోవలు. నగరపు ధనము భూమిపై వాలినప్పటినుండి ఇవి ఒక్కొక్కటే మాయమగుచున్నవి. పది యెకరములు కొన్నవాడు చుట్టును గోడ కట్టును, నడుమనున్న బాటను మ్రింగును. వెనుకపొలము రైతు కొన్నాళ్లు తిరిగి తిరిగి, దారిలేని భూమికి ధర లేదని తెలిసికొని, ఆ గోడవానికే అమ్మును. గోడ యింకొక పది యెకరములు ముందునకు జరుగును. గట్టును కొంచెము కొంచెముగా దున్ని బాటను సన్నగిల్లజేయు స్వగ్రామస్థులును లేకపోలేదు. నింద యంతయు నగరమువారిదే యనము.

2020లో ధరణి వచ్చినది; 2025లో దాని స్థానమున భూభారతి వచ్చినది. పట్టాదారు పేరును కంప్యూటరులో చూచుకొనుటకు ఇంత శ్రమపడిన ప్రభుత్వము, పేరులేని బాటను గూర్చి అంత శ్రద్ధ వహింపవలదా? బాటకు పట్టా లేదు. దానిపక్షమున దరఖాస్తు పెట్టుకొనువాడును లేడు. సైకిలువాడు చేతియంత్రమున ఉపగ్రహపటమును చూచుకొని వచ్చి, దారియున్నచోట ఇనుపకంచెను చూచి వెనుదిరుగును. వానికి పోయినది ఒక పూట. రైతునకు పోయినది తరతరముల త్రోవ. కాని కంచెను గూర్చి పదిమందికి చెప్పువాడు దొరకినందుకు రైతు సంతోషింపవచ్చును.

సవారి సేయువారికిని విధులు కలవు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో పూడికదీసి బాగుచేసిన చెఱువుకట్టలు వారికి ప్రియమైన బాటలు. తడిసిన కట్టపై చక్రముల గాళ్లు పడినచో నీరు ఆ గాటివెంబడియే కోయును. వానవెలిసిన రెండుమూడు దినములవఱకు కట్ట నెక్కరాదు. శిఖము భూమిలో గొఱ్ఱెలమంద కనబడినచో దిగి నడచుట మర్యాద. పూడూరు మండలపు దామగుండము అడవిలో 2024 అక్టోబరు 15వ తేదీన నౌకాదళ రేడియోకేంద్రమునకు శంకుస్థాపన జరిగినది గనుక, ఆ వైపు త్రోవలను గూర్చి ముందుగా విచారించుకొని పోవలెను.

నగరము చుట్టును వలయరహదారి ప్రక్కన సౌరఫలకముల నీడలో 23 కిలోమీటరుల సైకిలుబాటను 2023లో తెఱచిరి. మంచిదే. వికారాబాదు తాండూరుల నడుమ అంతటి వ్యయముతో పనిలేదు, తారును అక్కఱలేదు. తహశీలుదారులు తమతమ గ్రామముల నక్షాబాటలను కొలిపించి, మొదట తుద రెండు నాపరాళ్లు పాతించి, బాటపేరు చెక్కించిన చాలును. రాయికి కొదువయా అచట? రైలుశాఖవారు ప్యాసింజరుబండిలో సైకిళ్ల కొంత చోటు చూపుట రెండవపని. కంది కోతలు వచ్చిన పిమ్మట బండ్లకును ట్రాక్టర్లకును దారితగవులు హెచ్చును. సర్వేయరు గొలుసు అంతకు ముందే పొలమునకు పోవలెను.