వార్తల్లో పదం: వీడీఓ

సర్వర్‌లో ఒకే సమాచారం పదిచోట్ల ఉంటే ఒక్కచోటే దాచి, మిగతా తొమ్మిదిచోట్లా దాని చిరునామా మాత్రం రాసుకోవడమే డీడూప్లికేషన్. లినక్స్‌లో ఈ పని చేసే వీడీఓను పర్మాబిట్ కంపెనీ నుంచి 2017లో రెడ్‌హ్యాట్ కొనుక్కుంది. 2024లో వచ్చిన 6.9 కెర్నెల్‌తో అది లినక్స్‌లోనే భాగమైంది. ఇప్పుడు దాన్ని అమర్చుకోవడానికి ఎల్‌వీక్రియేట్ కమాండ్ ఒక్కటి చాలు. సులువే కదా అని ప్రతి సర్వర్‌కూ తగిలించడం మాత్రం తెలివైన పని కాదు.

వీడీఓ డేటాను 4 కిలోబైట్ల ముక్కలుగా చూస్తుంది. అన్నీ సున్నాలే ఉన్న ముక్కను దాచదు, ముందే ఉన్నదాన్ని మళ్లీ దాచదు, మిగిలినవాటిని ఎల్‌జడ్4 పద్ధతిలో కుదిస్తుంది. ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే వర్చువల్ మెషీన్లు గుంపుగా ఉన్నచోట ఇది వరమే. అక్కడ అసలు డిస్కుకు పదిరెట్లు చూపించవచ్చని రెడ్‌హ్యాట్ సూచన. వీడియోలు, జేపెగ్ ఫొటోలు ముందే కుదించినవి కాబట్టి వాటిలో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, ముక్కల జాడ గుర్తుంచుకునే సూచీకి ర్యామ్ ఖర్చు తప్ప. ఎన్‌క్రిప్షన్‌ను వీడీఓకు పైన పెట్టినా అంతే, ఏ రెండు ముక్కలూ ఒకేలా కనిపించవు. దాన్ని కిందే పెట్టాలి.

వేర్వేరు ముక్కలను ఒకటే అనుకుంటే డేటా పోదా అని కొందరి సందేహం. ముక్కకు వేలిముద్ర లాంటి హ్యాష్ కలిసినంత మాత్రాన వీడీఓ నమ్మదు, పాత ముక్కను చదివి పోల్చుకుంటుంది. అసలు ప్రమాదం వేరు: ఫైల్‌సిస్టమ్ ఇంకా బోలెడు ఖాళీ చూపిస్తుండగానే కింద డిస్కు నిండిపోతుంది, రాతలు ఆగిపోతాయి. అందుకే డీఎఫ్ కమాండ్ చెప్పే అంకెను కాదు, వీడీఓస్టాట్స్ చెప్పేదాన్ని రోజూ చూడాలి.