గుర్తు మార్చుకున్న ప్లాస్మిడ్

బ్యాక్టీరియా కణంలో క్రోమోజోముతో పాటు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం ప్లాస్మిడ్. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ దాన్ని కోసి, వేరే జన్యువు అతికించి, ఇ. కోలైలోకి ఎక్కించారు. జన్యు ఇంజనీరింగ్ అక్కడ మొదలైంది. అయితే లక్షల కణాల్లో ప్లాస్మిడ్ ఎక్కేది ఏ కొన్నింటికో. వాటిని ఏరడానికే అందులో ఒక యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువును గుర్తుగా ఉంచుతారు. కోహెన్ వాడిన పీఎస్‌సీ101లో అది టెట్రాసైక్లిన్‌ది. 1977 నాటి పీబీఆర్322లో యాంపిసిలిన్‌దీ తోడైంది. మందు కలిపిన అగర్ ప్లేటు మీద కణాలు పూస్తే, మర్నాటికి ప్లాస్మిడ్ అందుకున్నవే తెల్లటి చుక్కలుగా పైకి వస్తాయి. మిగతావి చస్తాయి.

ఇదంతా జరగాలంటే ఆ బ్యాక్టీరియా ముందు ఆ మందుకు లొంగాలి. మందుల కంపెనీలున్న పటాన్‌చెరు పరిసరాల్లోని బ్యాక్టీరియా విషయంలో ఆ భరోసా లేదు. స్వీడన్ శాస్త్రవేత్త యోఆకిమ్ లార్సన్ బృందం సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి చేశాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! కొన్ని బ్యాక్టీరియాకు విషమయ్యే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైనే. 2014లో కాజిపల్లి దగ్గరి చెరువులోని డీఎన్‌ఏను చదివితే 81 రకాల నిరోధక జన్యువులు, తెలిసిన ప్లాస్మిడ్లు 26, కొత్తవనిపించేవి 21 బయటపడ్డాయి. ఊళ్ల పక్కనే ఉన్న చెరువు అది, అందుకే ఈ అంకెలు నన్ను కలవరపెడతాయి.

ఇలాంటి బ్యాక్టీరియాకు యాంపిసిలిన్ గుర్తున్న ప్లాస్మిడ్ ఎక్కిస్తే ప్లేటంతా అలికినట్టు పొర కడుతుంది. దేనికి ఎక్కిందో, దేనికి ఎక్కలేదో తేలదు. కనుక గుర్తు మార్చాలి. ఆ బ్యాక్టీరియా ఇంకా ఏ మందుకు, ఎంత మోతాదుకు చస్తుందో ముందు చూసుకుంటారు. యాంపిసిలిన్ జన్యువును వదిలేసి మిగతా వలయాన్ని పీసీఆర్‌తో నకలు తీసి, ఖాళీలో కొత్త జన్యువు అతికిస్తారు. దాన్ని మామూలు ఇ. కోలైలో పెంచి, డీఎన్‌ఏ వరుస సరిచూశాకే అసలు బ్యాక్టీరియాకు ఎక్కిస్తారు. ఇందుకు పనికొచ్చేవి హైగ్రోమైసిన్, అప్రామైసిన్ గుర్తులు. అప్రామైసిన్ పశువైద్యంలో వాడే మందు. జెంటామైసిన్ లాంటివాటిని చెడగొట్టే ఎంజైముల్లో చాలావాటికి అది లొంగదు.

కొలిస్టిన్ లాంటి ఆఖరి మందుల నిరోధక జన్యువును గుర్తుగా పెట్టడం మాత్రం, ఎంత సులువైనా, చేయకూడని పని. అప్రామైసిన్‌నూ ఇప్పుడు మనుషుల మందుగా పరీక్షిస్తున్నారు. అది ఆసుపత్రులకు వస్తే ల్యాబులు ఈ గుర్తునూ వదులుకోవాలి.