ఒక్క తెల్ల రంగు.. కోట్ల పెయింటింగ్ గుట్టు రట్టు! నకిలీ చిత్రాలను ల్యాబ్‌లో ఎలా పట్టేస్తారంటే..

చూడ్డానికి అచ్చం పాత పెయింటింగే. కాన్వాస్ పాతదే. వెనకాల అంటించిన గ్యాలరీ లేబుల్ కూడా పాతదానిలాగే ఉంది. వేలంలో ఏకంగా 28.8 లక్షల యూరోలు పలికింది. అప్పటి మారకం లెక్కన మన కరెన్సీలో రూ.16 కోట్ల పైమాటే. కానీ ల్యాబ్‌కు వెళ్లాక కథ అడ్డం తిరిగింది. ఆ బొమ్మలో వాడిన ఒక తెల్ల రంగు.. దాన్ని గీశారని చెబుతున్న ఏడాది నాటికి చిత్రకారుల చేతికే రాలేదు!

అసలేం జరిగింది?

2006లో జర్మనీలోని కొలోన్ నగరంలో లెంపెర్ట్జ్ అనే వేలం సంస్థ ‘గుర్రాలతో ఎర్ర చిత్రం’ అనే పెయింటింగ్‌ను అమ్మింది. జర్మన్ చిత్రకారుడు హైన్రిష్ కాంపెండాంక్ 1914లో గీసిన బొమ్మ ఇదని కేటలాగ్‌లో రాశారు. మాల్టాకు చెందిన ఓ కంపెనీ కొనుక్కుంది. ఆ తర్వాత అనుమానాలు మొదలవడంతో రంగులను పరీక్ష చేయించారు. అందులో టైటానియం వైట్ బయటపడింది. ఈ రంగు చిత్రకారుల ట్యూబుల్లోకి వచ్చింది 1920ల్లో. మరి 1914 బొమ్మలోకి ఎలా వచ్చింది?

తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ బొమ్మ గీసింది వోల్ఫ్‌గాంగ్ బెల్ట్రాకి అనే జర్మన్ ఆర్టిస్ట్ అని తేలింది. ఇతని తెలివి మామూలుది కాదు. ఉన్న బొమ్మలకు కాపీలు తీయలేదు. పాత జాబితాల్లో పేరు మాత్రమే మిగిలి, ఫొటో కూడా దొరకని చిత్రాలను వెతికి పట్టుకునేవాడు. ఆ పేరుతో కొత్త బొమ్మ గీసేవాడు. పోల్చి చూడ్డానికి అసలుది ఎవరి దగ్గరా లేదు మరి! పాత కాన్వాస్‌లు కొని, వాటి మీదున్న రంగు గీకేసి వాడేవాడు. భార్య హెలెన్ అయితే తన అమ్మమ్మలా వేషం వేసుకుని, ఆ బొమ్మల ముందు కూర్చుని పాతకాలం ఫొటో దిగింది. ఇవి మా కుటుంబం ఆస్తి అని నమ్మించడానికే ఇదంతా.

చివరికి 2011 అక్టోబర్‌లో కొలోన్ కోర్టు బెల్ట్రాకికి 6 ఏళ్లు, భార్యకు 4 ఏళ్లు జైలు శిక్ష వేసింది. మామూలుగా జింక్ వైట్ తానే కలుపుకునేవాడినని, ఆ ఒక్కసారి రెడీమేడ్ ట్యూబ్ వాడానని, అందులో టైటానియం కలిసినట్టు ట్యూబ్ మీద రాసి లేదని అతను తర్వాత చెప్పాడు.

రంగుకూ ఓ పుట్టినరోజు

సింపుల్‌గా చెప్పాలంటే.. 1990లో రాసిన భూమి కాగితం అంటూ ఎవరో ఒకటి చూపించారనుకోండి. స్టాంపు పేపరు, సంతకాలు అన్నీ పక్కాగా ఉన్నాయి. కానీ లోపల ‘తెలంగాణ రాష్ట్రం’ అని రాసి ఉంది. రాష్ట్రం ఏర్పడిందేమో 2014 జూన్ 2న. ఇంకేముంది.. దొరికిపోయినట్టే.

రంగుల విషయంలోనూ ఇదే లెక్క. ప్రష్యన్ బ్లూ 1700ల మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది. కోబాల్ట్ బ్లూ 1802లో ఫ్రాన్స్‌లో తయారైంది. బొమ్మ మీద రాసిన తేదీ కన్నా అందులోని రంగు చిన్నదైతే ఎక్కడో తేడా కొట్టినట్టే.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

మొదటి పరీక్ష ఎక్స్‌ఆర్‌ఎఫ్. బొమ్మను ముట్టుకోకుండానే ఒక చోట ఎక్స్‌రేలు పడేలా చేస్తారు. అక్కడున్న పరమాణువులు తిరిగి ఎక్స్‌రేలను వదులుతాయి. సీసానికి ఒక రకం, జింక్‌కు ఒక రకం, టైటానియంకు ఇంకో రకం. దాన్నిబట్టి ఏ మూలకం ఉందో తెలిసిపోతుంది. మన దగ్గర బంగారం ఎన్ని క్యారట్లో చూసే మెషీన్ కూడా ఈ సూత్రంతోనే పనిచేస్తుంది.

అయితే టైటానియం కనిపించగానే నకిలీ అని ముద్ర వేసేయరు. ఎందుకంటే పాత బొమ్మకు తర్వాతి కాలంలో ఎవరైనా రిపేర్ చేసి ఉండొచ్చు. అందుకే రెండో పరీక్ష. ఆవగింజ కన్నా చాలా చిన్న రంగు పెచ్చు తీసి, రెసిన్‌లో బిగించి, అడ్డంగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడతారు. అప్పుడు రంగు పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కొత్త రంగు పై పొరలోనే ఉంటే అది రిపేర్ కావచ్చు. అడుగు పొరలోనూ ఉంటే మాత్రం ఆ బొమ్మ తేదీ అబద్ధమే.

పాత కాన్వాస్ వాడితే?

దీనికీ విరుగుడు ఉంది. కాన్వాస్ పాతది దొరుకుతుంది కానీ, రంగు కలిపే నూనె పాతది దొరకదు కదా! 1950లు, 60ల్లో జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగింది. ఆ తర్వాత పండిన గింజల నుంచి తీసిన నూనెలో ఆ గుర్తు ఉండిపోతుంది. 2019లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ శాస్త్రవేత్తలు 1866 అని తేదీ వేసి ఉన్న ఓ బొమ్మను ఇలాగే పరీక్షించారు. మిల్లీగ్రాములో ఐదో వంతు కన్నా తక్కువ రంగు చాలింది. నూనె 20వ శతాబ్దం రెండో సగంలోదని తేలింది. నిజానికి అది రాబర్ట్ ట్రాటర్ అనే అమెరికన్ 1980ల్లో చేసిన నకిలీ.

తాను మోసగాడినేనని నిరూపించుకున్నాడు!

కెమిస్ట్రీ ఒకసారి నిందితుడికే సాయం చేసింది. నెదర్లాండ్స్‌కు చెందిన హాన్ వాన్ మీగెరెన్ 1945లో అరెస్టయ్యాడు. నాజీ నేత గోరింగ్‌కు 17వ శతాబ్దపు మహా చిత్రకారుడు వెర్మీర్ బొమ్మ అమ్మాడన్నది అభియోగం. దేశద్రోహం కేసు మరి! అప్పుడతను ‘అది వెర్మీర్‌ది కాదు.. నేనే గీశా’ అన్నాడు. ఎవరూ నమ్మలేదు. పోలీసుల కళ్లెదుటే ఇంకో బొమ్మ గీసి చూపించాడు. బెల్జియం కెమిస్ట్ పాల్ కోరెమాన్స్ బృందం పరీక్షిస్తే అతని బొమ్మల్లో బేకలైట్ తరహా ప్లాస్టిక్ రెసిన్ దొరికింది. అది 20వ శతాబ్దపు సరుకు. దాంతో దేశద్రోహం పోయి మోసం కేసు మిగిలింది. 1947లో ఏడాది శిక్ష పడింది. దాన్ని అనుభవించకముందే అతను చనిపోయాడు.

ఇదొక్కటీ గుర్తుంచుకోవాలి

ల్యాబ్ ‘కాదు’ అని గట్టిగా చెప్పగలదు. ‘అవును, ఇది ఫలానా ఆయన గీసిందే’ అని మాత్రం ఒంటరిగా చెప్పలేదు. రంగులన్నీ ఆ కాలానివే అయినా, ఆ కాలంలోనే ఇంకెవరో గీసి ఉండొచ్చు. కాంపెండాంక్ 1957 దాకా బతికాడు. అదే బొమ్మ మీద 1914కు బదులు 1930 అని ఉంటే టైటానియం వైట్ ఒక్కటే దాన్ని పట్టించేది కాదు. అందుకే రంగుతో పాటు బొమ్మ ఎవరి చేతుల నుంచి ఎవరి చేతికి వచ్చిందన్న రికార్డునూ చూస్తారు. బెల్ట్రాకి కేసులో కోర్టు ముందుకొచ్చినవి 14 బొమ్మలే. తాను మాత్రం వందల్లో గీశానని అతనే చెప్పుకున్నాడు. అదే నిజమైతే, మిగతావి ఇప్పటికీ ఎవరెవరి గోడల మీదో అసలు బొమ్మల్లాగే వేలాడుతూ ఉండాలి.