కొక్కెము తగిలించు చోటు

తాటిచెట్టు నెక్కు గీత కార్మికుని మీలో పెక్కుమంది చూచియే యుందురు. అతడు మోకును చెట్టు చుట్టును, తన నడుము చుట్టును త్రిప్పి, దానిపై వెనుకకు వాలి నిలుచును. అప్పుడు రెండు చేతులును పనికి దొరకును. కాని కాలు జారినచో మోకు కూడ చెట్టు వెంబడి జారిపోవచ్చును. నిలుచుటకు ఆధారము వేరు. పడునపుడు పట్టుకొను ఆధారము వేరు. ఎత్తున పనిచేయువారెల్లరు మొదట తెలియవలసిన విషయ మిదియే.

పెద్ద కట్టడముల పరంజాలపైనను, విద్యుత్తు టవరులపైనను పనిచేయువారు నేడు హార్నెస్ అను పట్టీల కవచమును ధరింతురు. పూర్వము నడుమునకు బెల్టు మాత్రమే కట్టుకొనెడివారు. పడుచున్న మనిషిని ఆ బెల్టు హఠాత్తుగా ఆపినపుడు దెబ్బ యంతయు కడుపునకును, వెన్నెముకకును తగులును. అందుచే అమెరికాలో కట్టడపు పనులయందు, పడువారిని ఆపుటకు నడుము బెల్టును వాడరాదని 1998 జనవరి 1 నుండి నిషేధించిరి. హార్నెస్ ఆ దెబ్బను తొడలకును, కటి భాగమునకును, రొమ్మునకును, భుజములకును పంచును.

ఈ కవచమునకు పలుచోట్ల లోహపు కడియములుండును. వీపున, భుజముల నడుమ నున్న కడియము పడువానిని ఆపుటకై ఏర్పడినది. దానికి త్రాడు తగిలించుకొన్నవాడు జారినను తల మీదికి, కాళ్ళు క్రిందికి ఉండునట్లు వ్రేలాడును. రొమ్ము మీది కడియము, నిలువు నిచ్చెన నెక్కునపుడు దాని వెంబడి బిగించిన రక్షణ త్రాటితో కలుపుకొనుటకు తగినది. నడుము ప్రక్కల నున్న రెండు కడియములు మోకు వంటివి. అవి నిలిచి పనిచేయుటకే కాని, పడువానిని ఆపుటకు పనికిరావు. కావున వానిని వాడువాడు వీపు కడియమునకు మరియొక త్రాడు తగిలించుకొనవలెను.

త్రాటి రెండవ కొనను ఎచ్చట తగిలింతుమనునదియు అంతే ముఖ్యము. వీపు కడియము పాదములకు 1.5 మీటర్ల ఎత్తున నున్నదనుకొందము. 1.8 మీటర్ల త్రాటిని పాదముల వద్ద తగిలించినవాడు, అది బిగియులోపల 3.3 మీటర్లు పడును. అప్పటి కతని వేగము గంటకు సుమారు 29 కిలోమీటర్లు. అదే త్రాటిని వీపు కడియమునకు ఒక మీటరు మీదుగా తగిలించినచో అతడు 0.8 మీటరు మాత్రమే పడును. వేగము గంటకు సుమారు 14 కిలోమీటర్లు మాత్రమే. దెబ్బకు మూలమైన శక్తి నాల్గవవంతునకు తగ్గును. ఆ చోటు దృఢముగను ఉండవలెను. అమెరికా నియమము సామాన్యముగా మనిషికి 5,000 పౌనుల, అనగా సుమారు 2,270 కిలోల, బలమును కోరును. నీటి గొట్టమో, కిటికీ చట్టమో దానికి చాలదు.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము, గీత కార్మికులు కొలుచు కాటమయ్య పేరిట వారికి రక్షణ కవచముల నిచ్చుట ప్రారంభించినది. తరతరములుగా మోకునే నమ్ముకొన్నవారి కిది మేలైన తోడు. ఐనను కవచము తొడిగినంతనే రక్షణ చేకూరదు. కొక్కెము ఏ కడియమునకు, ఏ చోటికి తగిలినదో కన్నులార చూచుకొని, పిదపనే చేయి వదలవలెను.